మనోణ్నే తిడతం

రాజవ్వ ఇడ్లీ అడిగింది. ఉప్మా వచ్చింది.

"నేను జెప్పింది ఇడ్లీ," అంది రాజవ్వ.

టిఫిన్ సెంటర్ నడిపే ఓదెలు ఆమె మొహం చూడలేదు, మణికట్టు చూశాడు. "నీ నోరు ఇడ్లీ అన్నది గని, నీ పట్టీ ఉప్మా అంటుంది వదినా. ఇడ్లీ పెడితే ఎర్రగైతది. నా దుకాణానికి మచ్చ పడ్తది. జెర తిను."

రాజవ్వ ప్లేటు వెనక్కి నెట్టింది. ఉప్మా అంటే ఆమెకు ఇష్టమే. అయినా అడిగింది ఇడ్లీ. అడిగింది పెట్టించుకునేదాకా బల్ల దగ్గర్నుంచి లేవలేదు. ఓదెలుకు ఇది వారానికి నాలుగుసార్లు అలవాటైన తద్దినమే.

మనసుపట్టీ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మణికట్టుకు రెండు వేళ్ల వెడల్పున అతుక్కుని ఉంటుంది. నాడి, చెమట, గొంతులో వణుకు చదివి, మనిషికి ఏది ఇష్టమో మనిషికన్నా ముందే తేల్చేస్తుంది. ఇష్టమైతే ఆకుపచ్చ, పట్టింపు లేకపోతే పసుపు, విముఖతైతే ఎరుపు. ఏ బడికి ఏ పంతులు, ఏ వార్డుకు ఏ కౌన్సిలరు, ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు, అంతా ఆ రంగుల్ని బట్టే నడుస్తుంది. దీనివల్ల గోదావరిఖనిలో తగాదాలు బాగా తగ్గాయని ఏటా ప్రకటిస్తారు. తగ్గినమాట నిజమే. ఇద్దరి మధ్య ఎరుపెక్కితే మూడు నెలల్లో ఇద్దరినీ చెరో వీధికి మార్చేస్తారు మరి. తగాదా పడాలంటే ఎదురుగా మనిషి ఉండాలి కదా!

రాజవ్వకు అరవై ఒకటి. ఒకప్పటి ఓపెన్‌కాస్ట్ గని గుంత ఇప్పుడు పెద్ద చెరువైంది. దాని మీద తేలే సౌరపలకల్ని పడవలో తిరుగుతూ తుడవడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం సంగతి ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెబుతుంది. ఖని ఫుట్‌బాల్ జట్టు సంగతి అడిగితే మాత్రం, అడిగినవాడికి బస్సు తప్పిపోతుంది.

ఆ రోజు మంగళవారం. పొద్దున ఎనిమిదింటికి కూర్పుయంత్రం జట్ల మార్పులు ప్రకటిస్తుంది. ఏ జట్టులో ఎవరుండాలో, ఎవరు ఏ ఊరికి పోవాలో నిర్ణయించేది ఆ యంత్రమే. దానికి మేత అభిమానుల పట్టీలు. స్టాండులో కూర్చున్న ఆరువేల మంది ఏ ఆటగాణ్ని చూసి ఏ రంగుకు మారారో ఆట ఆటకూ కూడుకుని, ఊరు మెచ్చిన జట్టును ఊరికి ఇస్తుంది.

"మెచ్చిన జట్టట!" రాజవ్వ ఇడ్లీ తుంచుతూ మొదలుపెట్టింది. "ఆరుగురు ఫార్వర్డ్‌లు. ఆరుగురు! గోల్ కొడితే అందరి చెయ్యి పచ్చగైతది, గందుకని అందరినీ గోల్ కొట్టెటోళ్లనే తెచ్చిపెట్టింది. ఇంటినిండ పెండ్లికొడుకులే ఉంటే వంట ఎవడు జేస్తడు? పోయినేడు గోల్‌కీపర్‌ను పంపింది. ఎందుకట? వాని దిక్కు బాల్ అస్తే మనకు గుండె దడదడ అంటుందట. అనదా మరి? గోల్‌కీపర్ దిక్కు బాల్ అస్తే నిద్ర అస్తదా?"

"మొదలైంది," అన్నాడు ఓదెలు, బల్లలు తుడుస్తూ.

"మొదలైతది. కుడి దిక్కు మన మాసుగాడు ఉండాలె, ఆ పొట్టి రమేశం నడిమిట్ల ఉండాలె, ఎడమ దిక్కు ఎనుక..."

గోడమీద తెర వెలిగింది. ఖని జట్టు నుంచి బదిలీ ఒక్కటే. దుర్గం గట్టయ్య, ఎడమ డిఫెండర్, వయసు ముప్ఫై మూడు, పదకొండేళ్లుగా ఇదే జట్టు. విశాఖకు పంపుతున్నారు. అక్కడినుంచి గరికిన నూకరాజు వస్తున్నాడు. కారణం: స్థానిక అభిమానుల విముఖత ఈసారి హద్దు దాటింది, నూటికి తొంభై ఒకటి.

రాజవ్వ చేతిలో ఇడ్లీ ముక్క సాంబారులో పడిపోయింది. "విముఖత అంటే?" అని అడిగింది, ఆ మాటకు అర్థం తెలియక కాదు.

"మనకు ఆడంటే గిట్టదట," అన్నాడు ఓదెలు నెమ్మదిగా. అతని చేతిలో తుడుపు గుడ్డ కదలడం మానేసింది.

గిట్టదా! గట్టయ్య కాలికి బంతి తగిలితే చాలు, స్టాండు మొత్తం తిట్ల దండకం ఎత్తుకునేది. అందులో అందరికన్నా పెద్ద గొంతు మూడో వరుసలో రాజవ్వది. అది ఈ ఊరి పద్ధతి. తాతలు గనిలో పనిచేసే రోజుల్లో, పైకప్పు పెళ్లుమంటుంటే కిందున్నవాణ్ని నాయనా బాబూ అని పిలిచే తీరిక ఉండేది కాదు. కడుపులోంచి బూతు ఎత్తుకుని అరిస్తేనే వాడు దూకి బతికేవాడు. చీకట్లో తిట్టు వినబడిందంటే తనకోసం ఒకడు చూస్తున్నాడని గుర్తు. గనులు మూతపడ్డాయి, తిట్లు మైదానానికొచ్చాయి. స్టాండులో ఎవరూ రాయని చట్టం ఒకటుంది: పరాయి జట్టువాణ్ని పల్లెత్తు మాట అనకూడదు, మనవాణ్ని తిట్టకుండా ఉండకూడదు.

ఆ సంగతి పట్టీకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సి ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

బుధవారం పొద్దున్నే రాజవ్వ పడవను గట్టున కట్టేసి, పట్టీ లెక్కలమీద అభ్యంతరాలు వినే పునర్మదింపు కేంద్రానికి వెళ్లింది. అక్కడి అధికారి విహాన్‌కు ఇరవై ఆరేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నున్నటి మాట. కూర్చోమని కుర్చీ చూపించి, తెరమీద ఆమె లెక్క తెరిచాడు.

"అమ్మా, గట్టయ్యగారి మీద నమోదైన విముఖతలో మొదటి స్థానం మీదేనండీ. పదకొండేళ్లలో రెండువందల నాలుగు ఆటలు. అన్నిటిలోనూ ఎరుపే. ఈ ఊళ్లో ఒక మనిషి మీద ఇంకో మనిషికి ఇంత నిలకడైన విముఖత ఇంకెక్కడా లేదు."

"నేనా?" అంది రాజవ్వ. "ఆడు ఆడని ఆటకు నేను పోనే పోను. ఎట్ల మార్పిస్తవో చెప్పు బిడ్డా."

దారులు రెండే ఉన్నాయని విహాన్ చెప్పాడు. ఒకటి, ఆమె మరోసారి మదింపుకు కూర్చోవడం. లెక్కలో మొదటి స్థానం ఆమెది కాబట్టి ఆమె రంగు మారితే కూర్పుయంత్రం మొత్తం మళ్లీ చూస్తుంది. రెండోది, గురువారం సాయంత్రం ఆరులోగా ఆటగాడే బదిలీని నిరాకరించి వేలిముద్ర వేయడం. అలా చేసినవాడు ఏడాదిపాటు ఏ జట్టులోనూ ఆడకూడదు. "ఇరవై రెండేళ్లలో ఒక్కరూ నిరాకరించలేదండీ. తనను ఇష్టపడే ఊరికి పోనని ఎవరంటారు?"

"నన్ను కూసోబెట్టు," అంది రాజవ్వ.

గదిలో దీపాలు తగ్గాయి. తెరమీద రెండేళ్ల కిందటి ఆట. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా ఖని గోల్‌కీపర్ పడిపోయాడు, బంతి ఖాళీ గోల్‌లోకి దూసుకుపోతోంది. ఎక్కణ్నుంచి వచ్చాడో గట్టయ్య, గోల్ గీతమీద మొహం అడ్డం పెట్టాడు. ముక్కు విరిగింది. బంతి బయటికి పోయింది.

రాజవ్వ కుర్చీలోంచి లేచింది. "మొకం అడ్డం పెడ్తావ్‌రా దున్నపోతా! నీ జిమ్మడ! కండ్లు పోతే నీ తల్లికి నేనేం జెప్పాలెరా!"

పట్టీ చింతనిప్పులా ఎర్రబడింది. రాజవ్వ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పట్టీ దాన్ని కూడా విముఖత కిందే రాసుకుంది.

రెండోసారి నోరు కట్టేసుకుంది. పళ్లు బిగించి, కుర్చీ చేతులు పట్టుకుని, చూపు గోడకు తిప్పింది. పట్టీ పసుపు చూపింది: పట్టింపు లేదు. మూడోసారి విహానే జాలిపడి, నాలుగు మంచి మాటలు అనమన్నాడు. రాజవ్వ గొంతు సవరించుకుంది. "మంచిగ ఆడినవ్ నాయనా. శానా సంతోషం," అంది, పెళ్లిలో చదివింపులు చదివేవాడి గొంతుతో. పట్టీ ఒక్క క్షణం ఆలోచించి 'అసత్యం' అని చూపింది.

విముఖత తొంభై ఒకటి నుంచి తొంభై మూడైంది.

విహాన్ దీపాలు వేశాడు. "నాకు అర్థం కావట్లేదండీ. ఇష్టమైతే తిట్టడం ఎందుకు?"

"నిన్ను ఎవ్వరూ తిట్టలేదా కొడుకా?"

"మా ఇంట్లో ఆ ఇబ్బంది లేదండీ. నాకు నాలుగేళ్లప్పుడు వీధిలోకి పరిగెత్తానని అమ్మ గట్టిగా తిట్టిందట. ఇద్దరి పట్టీలూ ఎర్రబడ్డాయి. ఇంకోసారి అయితే నన్ను వేరే ఇంట్లో పెడతామని నోటీసు వచ్చిందట. అప్పట్నుంచి అమ్మ మానేసింది."

"తిట్టుడు మానేసిందా?"

విహాన్ తెర ఆపేశాడు. "మాట్లాడటమే మానేసిందండీ, చాలావరకు."

రాజవ్వ అతని తలమీద ఒకసారి చెయ్యి పెట్టి బయటికొచ్చింది. కోపం ఆమెకు కొత్త కాదు. కానీ ఇంతవరకూ ఆ కోపం ఆటగాళ్లమీదా, రిఫరీలమీదా, ఓదెలు సాంబారుమీదా ఖర్చయ్యేది. ఇవాళ దాన్ని ఎవరిమీద పెట్టాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే ఇంక్లైన్ కాలనీలో గట్టయ్య ఇంటికి వెళ్లింది. వాకిట్లో రెండు పెట్టెలు కట్టి ఉన్నాయి. గట్టయ్య మెట్టుమీద కూర్చుని ఆట బూట్లకు అంటిన మట్టి గీకుతున్నాడు. విరిగి అతుక్కున్న ముక్కు ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆమెను చూసి లేచాడు గానీ, ఎప్పటిలా నవ్వలేదు.

"రా పెద్దమ్మా. కూసో."

"కూసునేటందుకు రాలే. రేపు ఆరు లోపల పోయి వేలిముద్ర ఎయ్యి. పోనని చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకేందిరా? నువ్వు మనోనివి."

గట్టయ్య మళ్లీ మెట్టుమీద కూర్చుని బూటు కింద పెట్టాడు. "పెద్దమ్మా, పదకొండేండ్లు నేను కూడ గట్లనే అనుకున్న. తిడ్తుండ్రంటే నా మీద పానం ఉన్నదనుకున్న. మోకాలు పోయినప్పుడు గదే అనుకున్న, ముక్కు ఇరిగినప్పుడు గదే అనుకున్న. నిన్న నా చేతిల కాయితం పెట్టిండ్రు. నూటికి తొంభై ఒక్కరికి నేనంటే గిట్టదట. అన్నిటికంటె పైన నీ పేరున్నది. నువ్వు నోటితోని ఏమన్నా అంటవ్. యంత్రం అబద్ధం చెప్పదు కదా."

వీణ్ని ఊరినుంచి పంపుతున్నారని రాజవ్వ ఏడ్చింది ఇంతసేపూ. ఊరు వీడి లోపలినుంచి అప్పుడే వెళ్లిపోయిందని ఇప్పుడు తెలిసింది. విశాఖ పోతే పోనీ, రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు. కానీ పదకొండేళ్లూ తనను అసహ్యించుకున్నారనుకుంటూ పోతే?

"నేను చెప్తే నమ్మవా?"

"ఎట్ల నమ్మాలె? ఒక్కసారన్న మంచిగ ఆడినవన్నవా?"

"అననురా! సావనన్న సస్త గని అనను!" రాజవ్వ కొంగు నడుముకు దోపింది. "మంచిగ ఆడినవని ఎవనికంటరు? సుట్టపుచూపుకు అచ్చినోనికి అంటరు. నీకెందుకంట? పోయిన నెల కరీంనగర్ ఆటల ఎనుకకు సూడకుంట ముందుకు ఉరికినవ్, ఉరికినవా లేదా? నీ ఎనుక గంత జాగ పెడితే ఆడు బండి తోలుకుంట పోడారా? తిన్నదంత యాడికి పోతుందిరా నీకు? పదకొండేండ్లు నీ ఎనుక జాగ నేను కాయాల్నారా నా నోటితోని? ఎడమకు, ఎడమకు అని అరిచి అరిచి నా గొంతు పోయె, నీకు శెవులు రాకపాయె! కాయితం సూపిస్తవా నాకు? కాయితం ఎన్నడన్న వానల తడుసుకుంట నీ ఆట సూసిందారా? నీ పాడుగాను!"

పక్క వాకిట్లోంచి ఒక ముసలాయన తొంగిచూశాడు. "కరీంనగర్ ఒక్కటేనా? మంచిర్యాల ఆట జెప్పు!" అని అరిచాడు. ఎదురింటావిడ బియ్యం చెరుగుతూ ఆగి, "ఆ పెనాల్టీ సంగతి అడుగు దున్నపోతును!" అంది. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చింది. అందరి మణికట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి. మామూలుగా అయితే అంత ఎరుపు చూసి జనం తలుపులేసుకునేవారు.

గట్టయ్య తల వంచుకుని వింటున్నాడు. అతని చూపు తన మోకాళ్లమీద పెట్టుకున్న చేతులమీద పడింది.

ఆటగాళ్లు మైదానంలోకి దిగేముందు పట్టీలు తీసి గదిలో పెట్టి రావాలి. దెబ్బలు తగలకుండా పెట్టిన నియమం అది. అందుకని పదకొండేళ్లలో ఎన్నడూ, తిట్లు పడుతున్న సమయంలో గట్టయ్య చేతికి పట్టీ లేదు. కూర్పుయంత్రం తిట్టేవాళ్లనే కొలిచింది. తిట్లు తినేవాణ్ని కొలవలేదు.

ఇప్పుడు పట్టీ ఉంది. వరిమడిలా పచ్చగా ఉంది.

గట్టయ్య చాలాసేపు దానివంకే చూశాడు. రాజవ్వ తిట్టడం ఆపి, ఊపిరి తీసుకుంటూ తనూ చూసింది.

"ఆపినవేంది?" అన్నాడు గట్టయ్య. అతని కళ్లనిండా నీళ్లు.

"నువ్వంటే నాకు పానంరా బిడ్డా," అంది రాజవ్వ. ఆ మాట ఆమె ఎవరితోనూ అన్న గుర్తు లేదు. పట్టీ దాన్ని ఏ రంగులో రాసుకుందో ఆమె చూడలేదు.

గురువారం మధ్యాహ్నం గట్టయ్య వేలిముద్ర వేశాడు. విహాన్ నిబంధన రెండుసార్లు చదివి వినిపించాడు: ఏడాదిపాటు ఏ జట్టులోనూ ఆట లేదు. ముప్ఫై మూడేళ్ల డిఫెండర్‌కు ఏడాది అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. బహుశా మళ్లీ బూట్లు కట్టడు. "ఐనా పోను," అన్నాడు గట్టయ్య. పునర్మదింపు కేంద్రంలో ఆ పత్రం వాడటం అదే మొదలు. దాన్ని ఏ అరలో పెట్టాలో కూడా ఎవరికీ తెలియలేదు.

శనివారం ఆటకు గట్టయ్య స్టాండులో, మూడో వరుసలో, రాజవ్వ పక్కన కూర్చున్నాడు. మైదానంలో ఎడమ వెనుక నూకరాజు. ఇరవై మూడేళ్లు, గుర్రంలా పరుగు. ఖని అభిమానుల్లో నూటికి ఎనభై ఎనిమిది మందికి నచ్చుతాడని యంత్రం ముందే లెక్కగట్టి పంపింది.

ఆట మొదలైంది. నూకరాజు ఒకటి మంచిగా ఆపాడు, రెండు తప్పులు చేశాడు. స్టాండు కిక్కురుమనలేదు.

రాజవ్వ అటూ ఇటూ చూసింది. అందరి దవడలూ బిగుసుకుని ఉన్నాయి. ఒకాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఎవరి భయం వాళ్లది. తిడితే ఎరుపెక్కుతుంది, ఎరుపెక్కితే వీణ్ని కూడా పంపిస్తారు. గట్టయ్యకు జరిగింది చూశాక ఆరువేల మందీ తమ ప్రేమను గొంతులోనే మింగేస్తున్నారు. పట్టీలన్నీ పసుపు. యంత్రానికి ఇంత శాంతమైన స్టాండు ఎప్పుడూ దొరికి ఉండదు.

రెండో భాగంలో నూకరాజు బంతిని చూస్తూ వెనక మనిషిని మరిచాడు. వాడు లోపలికి దూరి గోల్ కొట్టాడు. నూకరాజు నడుంమీద చేతులు పెట్టుకుని స్టాండు వైపు తిరిగాడు. ఒక్క గొంతూ లేదు. కొత్త ఊరు, కొత్త చొక్కా, తనవంక రాయిలా చూస్తున్న ఆరువేల మొహాలు. కుర్రాడు ఎవరూ లేనివాడిలా అక్కడే నిలబడిపోయాడు.

"గనిల ఒక్కన్ని ఇడిచిపెట్టి అచ్చినట్టున్నది," అన్నాడు గట్టయ్య.

రాజవ్వ లేచింది. పక్కనే గట్టయ్య కూడా లేచాడు. ఎవరు ముందు మొదలుపెట్టారో తర్వాత ఎవరూ తేల్చలేకపోయారు.

"ఓరి నూకరాజూ! కండ్లు యాడ పెట్టుకున్నవ్‌రా? ఎనుక మనిషిని సూసుకోవారా దున్నపోతా!"

"భుజం తిప్పి సూడాల్రా! నీ జిమ్మడ, మీ సముద్రంల గిట్లనే చేపలు పడ్తర్రా?"

తర్వాత స్టాండు మొత్తం బద్దలైంది. నాలుగు రోజులు కుక్కిపెట్టిన తిట్లన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. ముసలాళ్లు, బాలింతలు, బడిపంతుళ్లు, అందరూ ఒకటే కూత. తువ్వాలు నోట్లో పెట్టుకున్నాయన దాన్ని గాల్లో గిరగిర తిప్పాడు. ఆరువేల మణికట్లు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రబడ్డాయి.

నూకరాజు అదిరిపడ్డాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్నెవరూ తిట్టి ఉండరు. తర్వాత ఆ గోలలోంచి రాజవ్వ గొంతు విడిగా విన్నట్టున్నాడు, సరాసరి ఆమెవైపు చూసి రెండు చేతులూ చాచాడు.

"ఆడొస్తన్నాడని ముందే సెప్పాల కదేటమ్మా! గోలైపోయాక తిడితే ఏటి లాబం!"

ఆ వెంటనే స్టాండంతా ఈలలు, నవ్వులు. రాజవ్వ ఆనందం పట్టలేక గట్టయ్య వీపుమీద ఒక్కటి చరిచింది. "ఎదురు జెప్తుండు సూడు! ఎదురు జెప్తుండు!"

"మంగళారం ఈణ్ని కూడ పంపుతరు పెద్దమ్మా," అన్నాడు గట్టయ్య.

"పంపనియ్యి. వీడు కూడ పోనంటడు. ఎంతమందిని తెస్తరో తేనియ్యి, ఎంతమందిని పంపుతరో పంపనియ్యి. అచ్చినోణ్ని అచ్చినట్టే తిడతం, మనోణ్ని జేసుకుంటం."

మైదానంలో బంతి మళ్లీ ఎడమవైపు వచ్చింది. నూకరాజు ఈసారి వెనక్కి చూడలేదు, స్టాండువైపు చెవి పెట్టాడు.

"ఎడమకు!" అని అరిచారు ఆరువేల మందీ.